దూలాలకు వేలాడిన ఐదు సైకిళ్లు

మా వంటింట్లోంచి వసారాలోకి వస్తే నా ఫోను నాకు స్వాగతం పలుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతమట. మళ్లీ వంటింట్లోకి వెళ్తే ఛత్తీస్‌గఢ్‌కు స్వాగతం. మంచినీళ్ల కోసం లేచిన ప్రతిసారీ నేనొక రాష్ట్రం దాటి వస్తున్నాను. ఛత్తీస్‌గఢ్ అంచున ఉన్న కొంటాలో పుట్టి కొంటాలోనే నలభై ఆరేళ్లవాణ్ణయ్యాను, నన్ను ఇంత మర్యాదగా ఎవరూ ఎన్నడూ ఆహ్వానించలేదు, పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు కూడా. కంపెనీకి ఫోన్ చేసి మొరపెట్టుకుంటే ఒక అమ్మాయి హిందీలో, "మీరిప్పుడు ఎక్కడున్నారు సార్?" అని అడిగింది. అది మీరే చెప్పాలి తల్లీ అన్నాను. పెట్టేసింది.

బజార్లో నాకొక చాయిస్ సెంటర్ ఉంది. జనానికి కావలసిన సర్కారు దరఖాస్తులు కంప్యూటర్లో నింపిపెట్టే దుకాణం. జగ్దల్‌పూర్ వెళ్లి బీఏ చదివి వచ్చిన మనిషిని రోజంతా గడుల్లో పేర్లు నింపమని కూర్చోబెడితే, ఇంటికి వెళ్లాక కూడా చేతులు ఊరుకోవు. ఏ వస్తువు కనిపించినా దాన్ని ఏ గడిలో పెట్టాలా అనిపిస్తుంది. మా గ్యారేజీ విషయంలో జరిగింది అదే.

మాకు గ్యారేజీ ఉంది. కారు లేదు. మా నాన్న పోస్టుమాన్‌గా చేసే రోజుల్లో ఒక లారీ యజమాని ఊరు విడిచి పోతూ ఇల్లు అమ్మితే కొన్నాడు. గ్యారేజీ ఆ ఇంటితోపాటు వచ్చింది. రేకుల కప్పు, రెండు టేకు దూలాలు, ముందు ఇనుప షెట్టరు. ఆ షెట్టరు ఛాతీ ఎత్తు దాకా లేచి ఆగిపోతుంది. మెకానిక్‌ను పిలిస్తే, పైదాకా లేచేటట్టు చేస్తా గానీ తర్వాత దిగుతుందని మాత్రం చెప్పలేను అన్నాడు. అలాగే ఉండనిమ్మన్నాం. కాబట్టి మా గ్యారేజీలోకి ఎంతటివాడు వచ్చినా వంగే రావాలి. మా నాన్నకు ఈ ఏర్పాటు బాగా నచ్చింది.

లోపల ఐదు సైకిళ్లున్నాయి. షెట్టరు పక్కన మొదటిది మా నాన్నది, ఉత్తరాలు పంచిన నల్ల సైకిలు. మోకాళ్లు మొరాయించాక ఆయన తొక్కడం మానేశాడు గానీ ఆదివారం ఆదివారం గాలి కొడతాడు, గుడ్డ పెట్టి తుడుస్తాడు, బెల్లు ఒకసారి మోగించి చూస్తాడు. రెండోది నాది. మూడోది మా తమ్ముడిది. వాడు మోటారు సైకిలు కొని ఆరేళ్లయింది. అది వానలో బయట నానుతూ ఉంటుంది, ఎందుకంటే లోపల సైకిళ్లున్నాయి. నాలుగోది వాడి కొడుకుది, చిన్నది. ఐదోది అన్నిటికంటే వెనక గోడకు ఆనించింది, మా అమ్మాయికి తొమ్మిదో తరగతిలో బడిలో ఇచ్చింది. అమ్మాయి ఇప్పుడు దంతెవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

ఒకటో రెండో అమ్మేయవచ్చు కదా అని చాలామంది సలహా ఇచ్చారు. మా ఇంట్లో సైకిలు అమ్మరు. అమ్మితే ఇంటికి కాళ్లు తీసేసినట్టేనని మా నాన్న నమ్మకం.

ఐదో సైకిలు తొక్కేది నా భార్య. అమ్మాయి హాస్టలుకు వెళ్లిన ఏడాది, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, హైస్కూలు మైదానంలో నేర్చుకుంది. మొదటిరోజు నేను క్యారియర్ పట్టుకుని వెనక పరుగెత్తాను. రెండోరోజుకు నా అవసరం తీరిపోయింది, ఆ సంగతి నాకు చెప్పేవాళ్లు లేక ఇంకో రెండు చుట్లు పరుగెత్తాను.

ఆమె పదేళ్లుగా మా పారాలో, అంటే మా వాడలో, మితానిన్. ఇంటింటికీ తిరిగి గర్భిణులనూ బాలింతలనూ పసిపిల్లలనూ కనిపెట్టుకుని ఉండే పని. ఈ ఎండాకాలం ఆమెను ట్రైనర్‌గా తీసుకున్నారు. ఇక సొంత పారా ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న పారాలకు వెళ్లి అక్కడి మితానిన్‌లకు పని నేర్పాలి, సరిగ్గా చేస్తున్నారో లేదో చూడాలి. వీళ్లందరి మీద ఒక దీదీ ఉంది, హిందీ మనిషి. ఆమె మా వసారాలో కూర్చుని చాయ్ తాగుతూ ఒకటే అడిగింది.

"సైకిల్ చలాతీ హో న?"

తొక్కుతానంది నా భార్య, అడిగింది పూర్తికాకముందే.

సరే అయితే, వానాకాలం దాటేదాకా చూస్తాను, తిరగగలిగితే పని నీదే, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాను అని దీదీ తేల్చి చెప్పి వెళ్లింది. ఆ వారమే నా భార్య ఒక రెయిన్‌కోటు కొనుక్కుంది. కొత్త నోటుబుక్కు తెచ్చుకుని అట్ట మీద తన పేరు రాసి, కింద హిందీలో ట్రైనర్ అని రాసుకుంది. ఎవరూ చూడటం లేదనుకుని రాసుకుంది. నేను చూశాను, చూడనట్టు పేపరు తిరగేశాను.

మంగళవారాలు టీకాల రోజు. నర్సమ్మ టీకాల డబ్బా తెరిచే వేళకు ఆమె ఏదో ఒక పారాలో ఉండాలి. అందరికంటే దూరం వాగవతలి పారా, ఆరేడు కిలోమీటర్లు. అక్కడి మితానిన్ కొత్తది, చదువు తక్కువ, నర్సమ్మను చూస్తేనే నోరు పెగలదు. కాబట్టి అక్కడికి తప్పకుండా వెళ్లాలి. వెళ్లాలంటే ఐదో సైకిలు బయటికి రావాలి. అది రావాలంటే ముందున్న నాలుగూ ఒక్కొక్కటే షెట్టరు కింద నుంచి తల వంచుకుని బయటికి రావాలి. పిల్లవాడి సైకిలు పెడలు పోయి పోయి తమ్ముడి సైకిలు పుల్లల్లోనే ఇరుక్కుంటుంది. ఆమె కొంగు నడుముకు దోపి ఒక్కొక్కటీ లాగుతుంటే ఆ చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. లేచి సాయం చేద్దామనుకునేలోపు చప్పుడు ఆగిపోయేది.

ఒకరోజు అడిగింది.

"ఏందయ్యా, నా బండి షెట్టర్ కాడ పెడితే ఏమైతది?"

"నాయిన బండి కదిలియ్యాలె."

"మామ తొక్కడు గదా."

"మెల్లగ మాట్లాడు."

వసారాలోంచి జవాబు వచ్చింది. మా నాన్నకు మోకాళ్లు తప్ప అన్నీ బాగా పనిచేస్తాయి.

"తొక్కకపోతే ఏంది? నాకూ పెన్షన్ అయ్యింది, నన్ను కూడా ఎనక గోడకు ఆనిచ్చి పెడ్తరా?"

"అట్ల ఎవరన్నరు మామా?"

"అనలే. అంటరని ముందే చెప్తున్న."

తమ్ముణ్ణి అడిగాను, కనీసం నీదైనా వెనక్కి జరుపుతావా అని. "జరుపుత గానీ అన్నా, ఎప్పుడన్న పెట్రోల్ దొరకకపోతే?" అన్నాడు. పెట్రోలు పంపు మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంది. వాడు పనిచేసేది అందులోనే.

గొడవ పడటం నాకు చేతకాదు. అందుకని సర్వే చేశాను. ఎవరు ఎప్పుడు బయటికి వెళ్తారు, ఎప్పుడు వస్తారు, ఎవరి సైకిలు ఎంత తరచుగా కదులుతుంది, అన్నీ ఒక సెలవు పూట ఇంట్లో అందరినీ అడిగి రాసుకున్నాను. దుకాణంలో కూర్చుని పట్టిక తయారుచేశాను. ఐదు గడులు, ఐదు చోట్లు, పైన "సైకిళ్లు నిలుపు క్రమం" అని పెద్ద అక్షరాలు. లామినేషన్ చేసి గ్యారేజీ గోడకు నాలుగు మేకులు కొట్టి తగిలించాను.

నేను సర్వే చేసిన పూట నా భార్య ఇంట్లో లేదు. ఐదో సైకిలు తొక్కుకుంటూ వాగవతలికి వెళ్లింది. అందువల్ల ఆ గడిలో "పాప సైకిలు, సెలవులకు వచ్చినప్పుడు" అని పడింది. సెలవులకు మాత్రమే కదిలేది వెనక గోడ దగ్గర ఉండటమే న్యాయం. పట్టికలో ఏ లోపమూ లేదు.

ఆమె వంగి లోపలికి వచ్చి పైనుంచి కిందిదాకా చదివింది.

"ఇందుల నేనేడున్న?"

"నీకు సైకిలు లేదు గదా. పాపది వాడుకుంటున్నవ్."

"అట్లనా," అంది.

ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మాట నేను నాలుగైదుసార్లే విన్నాను. విన్న ప్రతిసారీ తర్వాత ఏదో ఒకటి ఖరీదుగా ముగిసింది. సాయంత్రం పెన్ను తీసుకుని వెళ్లి దిద్దుదామనుకున్నాను. లామినేషన్ మీద పెన్ను పడలేదు.

శ్రావణం వచ్చింది. మా ఊళ్లో శ్రావణమంటే గోదారి వార్తలు. అక్కడ భద్రాచలం దగ్గర గోదారి పొంగితే ఇక్కడ మా శబరి ముందుకు పోలేక వెనక్కి తన్నుతుంది, ఆ నీళ్లు మా బజారు వైపు నడిచి వస్తాయి. ఊళ్లో ఒక్కో ఇంటిది ఒక్కో పద్ధతి. కొందరు ముందు బియ్యం అటక ఎక్కిస్తారు, కొందరు టీవీ, మా ఎదురింటివాళ్లు దేవుడి పటాలు. మేం ముందు సైకిళ్లు ఎక్కిస్తాం.

దీనికి కారణం ఉంది. నా చిన్నప్పుడు ఒక వరదలో మేం బియ్యం, బట్టలు, పరుపులు అన్నీ కాపాడుకున్నాం, సైకిలు మునిగింది. నీళ్లు తీశాక బేరింగుల్లో ఒండ్రు, గొలుసు తుప్పు. రోడ్డు కొట్టుకుపోయి బస్సులు లేవు. వారం రోజులు మా నాన్న ఉత్తరాల సంచి భుజాన వేసుకుని నడిచాడు. ఆ రోజే తీర్మానించాడు: "బియ్యం సర్కారిస్తది. సైకిలెవడిస్తడు?" ఇప్పుడు సర్కారు బడిపిల్లలకు సైకిళ్లు కూడా ఇస్తోంది. తీర్మానం మాత్రం అలాగే ఉంది.

దూలాలకు బావి గిలకలు బిగించి ఉన్నాయి. తాడు హ్యాండిలుకు ఒక కొస, సీటు కింద ఒక కొస కట్టి లాగితే సైకిలు రేకుల దాకా వెళ్తుంది. ముందు లోపలి దూలానికి ఎక్కించాలి, తర్వాత బయటి దూలానికి. ఇంకో నియమం ఉంది. ఒకసారి ఎక్కించాక శబరి తగ్గి, రేవులో మెట్లు బయటపడి, నది తల్లికి కొబ్బరికాయ కొట్టి పసుపు కుంకుమ వేసేదాకా ఒక్క సైకిలు కూడా దించకూడదు. దించితే నది చూస్తుంది. చూస్తే వస్తుంది. ఒక ఏడాది మా తమ్ముడు తొందరపడి వాడి సైకిలు దించుకుంటే మర్నాటికి రెండో వరద వచ్చింది. అప్పటినుంచి ఆ వరదకు కారకుడు మా తమ్ముడేనని ఇంట్లో స్థిరపడిపోయింది. వాడు కూడా ఇప్పుడు కాదనడు.

ఈసారి ఆదివారం పొద్దున మైకులో చెప్పారు, నీళ్లు పెరుగుతున్నాయి జాగ్రత్త అని. తమ్ముడు భార్యాపిల్లల్ని ఎక్కించుకుని మోటారు సైకిలు మీద సుక్మాలో అత్తగారింటికి వెళ్లిపోయాడు. నాన్న కుర్చీ వేయించుకుని గ్యారేజీ ముందు కూర్చున్నాడు. నేను లాగాను, నా భార్య తాళ్లు పట్టింది. క్రమం పట్టికలో ఉంది కాబట్టి వాదన రాలేదు. వెనక గోడది ముందు ఎక్కింది. దాని ముందు పిల్లవాడిది, తర్వాత తమ్ముడిది, నాది, అన్నిటికంటే చివర మా నాన్నది. మధ్యాహ్నానికి ఐదూ గబ్బిలాల్లా వేలాడుతున్నాయి.

నీళ్లు మా వీధి మొదట్లో ఉన్న కరెంటు స్తంభం దాకా వచ్చి ఆగాయి.

సోమవారం అక్కడే ఉన్నాయి. రావడం లేదు, పోవడం లేదు. మా నాన్న స్తంభం దాకా చేతికర్రతో వెళ్లి చూసి వచ్చి, "ఆలోచిస్తాంది," అన్నాడు.

సోమవారం సాయంత్రం నా భార్య గ్యారేజీలో నిలబడి పైకి చూస్తోంది.

"రేపు మంగళవారం."

"తెలుసు."

"పారా దారి మిట్ట మీద ఉంటది. మునగదు. నాదొక్కటి దించు."

"నీదొక్కటి రాదు. ముందు నాలుగు దించాలె."

"దించి మల్ల ఎక్కిద్దాం. తాడు నేను పట్టుకుంట."

నేను నాన్న వైపు చూశాను. నాకు నమ్మకం ఉందని కాదు. బీఏలో నాది భూగోళం. నదులు ఎందుకు పొంగుతాయో పదిహేను మార్కులకు రాసినవాణ్ణి.

"గంగమ్మ ఊరి మొగదల నిలబడ్డది," అన్నాడు నాన్న. "ఇప్పుడు తాడు ముట్టుకుంటే ఈ ఇల్లొక్కటే కాదు బిడ్డా, వీధి వీధంత మునుగుతది. ఒక్కనాడు నడిస్తే ఏమైతది? నేను వారం నడిచిన."

"మీకు ఉత్తరాలు మామా. ఆలస్యమైతే రేపు చదువుకుంటరు. నాకాడ పిల్లలు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. గిలక ఉంది, తాడుంది, నాకు రెండు చేతులున్నాయి. నేను ఆలోచించి, ఇంటికి చదువుకున్నవాడిగా ఒక నిర్ణయం తీసుకుని, ఎవరి దగ్గరైనా సైకిలు అడిగి తెస్తానన్నాను. వీధిలో అడిగితే, సైకిళ్లున్నవాళ్లంతా వాటిని మిట్ట మీది చుట్టాల ఇళ్లకు చేర్చేశారని తెలిసింది. తిరిగి వచ్చి ఆమెకు నా గొడుగు ఇచ్చాను. రెయిన్‌కోటు ఉంది గదా అంది.

ఆ మంగళవారం ఆమె తెల్లవారకముందే నడుచుకుంటూ వెళ్లింది. చేరేసరికి సగం పని అయిపోయింది. నర్సమ్మ మంచిది, కాస్త ఆగిందట. సాయంత్రం బురద కాళ్లతో వచ్చి, కడుక్కుని, అన్నం తిని పడుకుంది. నీళ్లు స్తంభం దగ్గరే ఉన్నాయి. గ్యారేజీ నేల మీద ఒక్క చుక్క లేదు. పక్కవీధిలోని కుక్కొకటి వచ్చి పొడి నేల చూసుకుని సైకిళ్ల కింద పడుకోవడం మొదలుపెట్టింది.

వారం గడిచింది. స్తంభం దగ్గర నీళ్లు ఒక జానెడు తగ్గేవి, మర్నాడు మళ్లీ జానెడు పెరిగేవి. రెండో మంగళవారం ముందు రోజు ఆమె నన్ను మాత్రమే అడిగింది, నాన్న వినకుండా, పొయ్యి దగ్గర.

"రేపు దీదీ కూడా వస్తది వాగవతలికి. చూడనీకి వస్తది."

"ఇంక రెండు మూడు రోజులల్ల తగ్గుతదంట."

"రేపటికి తగ్గదు గదా."

"నాయినకు చెప్పి చూస్త."

చెప్పి చూడలేదు. చెప్పడానికి వసారాలోకి వెళ్లాను. ఆయన రేడియో చెవి దగ్గర పెట్టుకుని భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులో వింటున్నాడు. ముఖంలో అంత శ్రద్ధ చూసి నేను పక్కన కూర్చుని నేనూ విన్నాను. ఆ తర్వాత అన్నానికి పిలిచారు.

ఆ మంగళవారం దారిలో ఒక చోట కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే ఆమె చుట్టు తిరిగి పొలాల గట్ల మీదుగా వెళ్లింది. చేరేటప్పటికి నర్సమ్మ డబ్బా మూసి బండి ఎక్కుతోందట. కొత్త మితానిన్ ఎవరిని పిలవాలో తెలియక గుంజ పట్టుకుని నిలబడి ఉంది. టీకాలకు రావలసిన ఇద్దరు తల్లులు చాలాసేపు చూసి పిల్లల్ని తీసుకుని అడవిలో పనులకు వెళ్లిపోయారు. దీదీ అన్నీ చూసింది. కోప్పడలేదట. నీళ్లిచ్చి కూర్చోమందట. ఎందుకు నడిచి వచ్చావని అడిగితే, సైకిలు పాడైందని చెప్పిందట నా భార్య.

ఈ మాట ఆమె ఆ సాయంత్రం వసారాలో నిలబడి కాళ్లు కడుక్కుంటూ మా ఇద్దరికీ వినబడేటట్టు చెప్పింది. మేమిద్దరం రేడియో వింటున్నాం.

నాలుగు రోజులకు దీదీ ఫోన్ చేసింది. చాలా మర్యాదగా మాట్లాడింది. నీ పని మీద నాకు ఫిర్యాదు లేదు, కానీ తిరిగే మనిషి కావాలి, గొల్లపల్లి వైపు ఒకామె ఉంది, ఆమెకు స్కూటీ ఉంది, నువ్వు నీ పారాలో ఎప్పటిలా మితానిన్‌గా ఉండు అంది. నా భార్య "జీ దీదీ" అని ఆరుసార్లు అంది. ఫోన్ పెట్టేసి బియ్యంలో రాళ్లు ఏరడానికి కూర్చుంది. మా పారా ఎంత, మా వీధి చివర నుంచి హైస్కూలు దాకా. నడిచి తిరిగేంత దూరమే.

ఆ మర్నాడు శబరి తగ్గింది. రేవులో మెట్లు బయటపడ్డాయి, ఒండ్రుతో, ఎవరిదో ఒక చెప్పుతో. నాన్న పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని నా భుజం ఆసరాతో వెళ్లి కొట్టి వచ్చాడు. ఊరు మునగకుండా కాపాడినందుకు నదికి దండం పెట్టుకున్నాడు. తాళ్లు ముట్టుకోనందుకే ఆగిందని దారిలో ఇద్దరు ముగ్గురికి చెప్పాడు. వాళ్లు తలలూపారు. తమ్ముడు కూడా సుక్మా నుంచి వచ్చేశాడు, వాడూ తలూపాడు.

సాయంత్రం సైకిళ్లు దించాం. ముందు నాన్నది దిగింది. దాన్ని ఎప్పటిలా షెట్టరు పక్కన నిలబెట్టబోతుంటే ఆయన లేచి వచ్చాడు, హ్యాండిలు నా చేతిలోంచి తీసుకున్నాడు, మెల్లగా తోసుకుంటూ లోపలికి వెళ్లి వెనక గోడకు ఆనించాడు. దానికి కాస్త సమయం పట్టింది, ఎందుకంటే మధ్యలో ఒకసారి ఆగి మోకాలు పట్టుకున్నాడు. తమ్ముడు సాయం వెళ్లబోతే వద్దన్నాడు. తర్వాత ఒక్కొక్కటీ దింపించి ఎక్కడ పెట్టాలో కర్రతో చూపించాడు. చివరికి ఐదోది దిగింది. దాన్ని షెట్టరు పక్కన పెట్టించాడు. స్వయంగా వంగి రెండు చక్రాలకూ గాలి కొట్టాడు, గుడ్డ తీసి సీటు తుడిచాడు, బెల్లు ఒకసారి మోగించి చూశాడు.

"కోడలా," అని పిలిచాడు.

ఆమె చేటతోనే వచ్చి షెట్టరు బయట నిలబడింది. వంగి లోపలికి రాలేదు.

"నీ బండి ముందు పెట్టిన. ఇగ పొద్దుగాల్ల నీకు ఏదీ అడ్డం లేదు, సక్కగ తీసుకపో."

ఆమె సైకిలు వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"ఏడికి పోవాలె మామా? పని పోయింది."